దుబాయ్‌లో ఫ్లాట్ కొనడం, అక్కడ కారు అద్దెకు తీసుకోవడం: మన వైపు నుంచి వెళ్లినవాళ్ల అనుభవాలు చెప్పండి

పటమటలంక:
మా అమ్మాయి, అల్లుడు షార్జాలో ఉంటారు. ఈమధ్య విజయవాడలో ఒక హోటల్లో పెట్టిన దుబాయ్ ప్రాపర్టీ షోకి వెళ్లాం. జుమేరా విలేజ్ సర్కిల్‌లో కడుతున్న సింగిల్ బెడ్‌రూమ్ చూపించారు. 60 శాతం బిల్డింగ్ పూర్తయ్యేలోపు, 40 శాతం తాళాలు ఇచ్చేటప్పుడు కట్టాలట. సాయంత్రంలోగా టోకెన్ ఇస్తే ధర ఇంతే, రేపటికి పెరుగుతుందన్నారు. ఇవ్వలేదు. జనవరిలో వెళ్తున్నాం. ఎయిర్‌పోర్టు నుంచి అన్నీ మేమే తిప్పి చూపిస్తామని ఏజెంటు అంటున్నారు. ఇక్కడే ఉంటూ అక్కడ కొన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? కారు అద్దెకు తీసుకుని మేమే తిరగడం మంచిదా?

మిర్చియార్డు_గుంటూరు:
టోకెన్ ఇవ్వకపోవడం చాలా మంచి పని చేశారండీ. ఆ షోల్లో ఇంకో మాట కూడా వినిపిస్తుంది: "ఇక్కడ రూపాయల్లో ఇచ్చేయండి, అక్కడ దిర్హాముల్లో సర్దేస్తాం" అని. దాని జోలికి అస్సలు పోవద్దు. అది ఫెమా, అంటే విదేశీ మారకద్రవ్య చట్టం ఉల్లంఘన. డబ్బు మీ ఖాతా నుంచి బ్యాంకు ద్వారానే, విదేశాలకు పంపేటప్పుడు నింపే ఏ2 ఫారం మీద పోవాలి. టోకెన్ కూడా క్రెడిట్ కార్డు గీకి ఇవ్వొద్దు.

కడుతున్న బిల్డింగ్ అయితే ముందు చూడాల్సింది ఎస్క్రో ఖాతా, అంటే బిల్డరు ఇష్టమొచ్చినట్టు వాడుకోవడానికి వీల్లేని ప్రత్యేక ఖాతా. 2007లో వచ్చిన 8వ నంబరు చట్టం ప్రకారం కొనుగోలుదారుల డబ్బు ప్రాజెక్టు పేరున ఉన్న ఎస్క్రోలోనే పడాలి. బిల్డరు కరెంటు ఖాతా నంబరు ఇస్తే అక్కడే ఆగిపోండి. దుబాయ్ రెస్ట్ అనే ల్యాండ్ డిపార్ట్‌మెంట్ యాప్‌లో ప్రాజెక్టు పేరు కొడితే రిజిస్టరయిందా, పని ఎంత శాతం అయింది అన్నది వస్తుంది. ఏజెంటు లైసెన్సు కూడా అందులోనే చూసుకోవచ్చు. ఒప్పందం అయ్యాక మీ పేరున "ఊకూద్", అంటే కడుతున్న ఫ్లాటుకి ల్యాండ్ డిపార్ట్‌మెంట్‌లో చేసే రిజిస్ట్రేషన్ జరగాలి. అది లేకపోతే చేతిలో ఉన్నది ఉత్త రసీదే.

బ్రాడీపేట 4/14:
మేం గుంటూరులోనే ఉంటూ కట్టేసిన ఫ్లాటు రీసేల్‌లో కొన్నాం, అద్దెకిచ్చాం. ఖర్చులు ముందే లెక్క వేసుకోండి. 10 లక్షల దిర్హాముల ఫ్లాటు అనుకుంటే, ల్యాండ్ డిపార్ట్‌మెంట్‌కి 4 శాతం, అంటే 40,000. ఏజెంటుకి 2 శాతం, దాని మీద 5 శాతం వ్యాట్, 21,000. రిజిస్ట్రేషన్ పని చేసిపెట్టే ట్రస్టీ ఆఫీసు ఫీజు 4,000, పైన వ్యాట్. మన దగ్గర స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం కడతాం కాబట్టి ఆ 4 శాతం తక్కువే అనిపిస్తుంది. అసలు బరువు తర్వాత ఏటా వచ్చే సర్వీస్ చార్జీలో ఉంది. చదరపు అడుగుకి ఇంత అని వేస్తారు. అడుగుకి 15 దిర్హాములు అనుకుంటే 700 అడుగులకు ఏడాదికి 10,500. ఇల్లు ఖాళీగా ఉన్నా కట్టాల్సిందే. ఏ బిల్డింగ్‌కి ఎంత అన్నది ల్యాండ్ డిపార్ట్‌మెంట్ వాళ్ల సర్వీస్ చార్జి ఇండెక్సులో ఉంటుంది. ఏజెంటు నోటిమాట మీద ఆధారపడక్కర్లేదు.

చల్లదనం బిల్లు గురించి కూడా అడగండి. కొన్ని బిల్డింగులు "చిల్లర్ ఫ్రీ", అంటే దానికి వేరే బిల్లు రాదు; కొన్నిటికి డిస్ట్రిక్ట్ కూలింగ్ (ఒకే కేంద్రం నుంచి చాలా బిల్డింగులకు వచ్చే చల్లదనం) బిల్లు వేరేగా వస్తుంది. అందులో వాడినా వాడకపోయినా కట్టే స్థిర భాగం ఒకటి ఉంటుంది. చదరపు అడుగుల్లో బాల్కనీ కూడా కలిపే చెబుతారు, లోపలి కొలత విడిగా రాయించుకోండి.

ఇంకోటి, దిర్హాము 1997 నుంచి డాలరుకి 3.6725 దగ్గర కట్టి ఉంది. అంటే వాయిదాలు రెండు మూడేళ్లు సాగితే, రూపాయి తగ్గిన కొద్దీ మీ వాయిదా ఇక్కడ పెరుగుతూ పోతుంది. షోలో ఈ మాట ఎవరూ ఎత్తరు.

కరామా_తెనాలి:
నేను దుబాయ్‌లో ఉద్యోగం, ఊరు తెనాలి. అంకుల్, కారు మీరే తీసుకోండి. ఏజెంటు కారులో వెళ్తే మధ్యాహ్నం ఖాళీ రోడ్డు మీద తీసుకెళ్లి "డౌన్‌టౌన్‌కి ఎంత దగ్గరో చూడండి" అంటాడు. జుమేరా విలేజ్ సర్కిల్‌లో మెట్రో లేదు. ఉదయం 8 గంటలకు మీ అంతట మీరు ఆ బిల్డింగ్ గేటు దగ్గర నుంచి బయల్దేరి, అల్ ఖైల్ రోడ్డు ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. రేపు మీ ఫ్లాట్‌లో అద్దెకుండేవాడు రోజూ చేసే ప్రయాణం అదే. రాత్రి 9కి మళ్లీ వెళ్లండి, పార్కింగ్ దొరుకుతుందా, పక్క ప్లాట్లలో ఎన్ని క్రేన్లు ఉన్నాయి, కిటికీకి ఎదురుగా ఇంకో టవర్ లేచే ఖాళీ స్థలం ఉందా, ఇవన్నీ కనబడతాయి. జనవరి వాతావరణం చూసి మురిసిపోవద్దు. మనకి రోహిణి కార్తె ఎలాగో ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా అలాగే. పడమటి వైపు నిలువెత్తు అద్దాలున్న ఫ్లాటు అయితే ఆ నెలల్లో ఏసీ ఆపడానికి ఉండదు.

ఇక కారు సంగతి. ఇండియన్ లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. అది ఇండియాలో ఉండగానే తీసుకోవాలి. ఇక్కడ కుడివైపు నడపాలి, స్టీరింగ్ ఎడమవైపు. రౌండబౌట్‌లో లోపల తిరుగుతున్న బండిదే హక్కు, మనం ఆగాలి. తాగి నడపడం అనేది చుక్క కూడా కుదరదు.

అద్దె కంపెనీ క్రెడిట్ కార్డు మీద డిపాజిట్ ఆపుతుంది. డెబిట్ కార్డు చాలాచోట్ల ఒప్పుకోరు. కారు తిరిగిచ్చాక కూడా జరిమానాలు వస్తాయేమోనని కొన్ని వారాలు ఆ డబ్బు వదలరు. నాకు ఒక కంపెనీ చక్రం అంచు మీద పాత గీతకి డబ్బు కోసింది. తీసుకునేటప్పటి వీడియోలో ఆ గీత స్పష్టంగా ఉండబట్టి వెనక్కిచ్చారు. కాబట్టి తాళం తీసుకోగానే నాలుగు చక్రాల అంచులు, ముందు అద్దం, బంపర్ల కింది భాగం, కిలోమీటర్ల రీడింగు, పెట్రోలు ముల్లు అన్నీ ఒకే వీడియోలో, వాళ్ల మనిషి పక్కన ఉండగా తీయండి. చిన్న గీత పడ్డా పోలీసు రిపోర్టు కావాలి, అది లేకపోతే ఇన్సూరెన్సు పనిచేయదు. చిన్నవాటికి దుబాయ్ పోలీసు యాప్‌లోనే వస్తుంది.

సాలిక్ అనే టోల్ గేట్లు ఆటోమేటిక్. 2025 జనవరి 31 నుంచి రద్దీ వేళల్లో, అంటే ఉదయం 6–10, సాయంత్రం 4–8 మధ్య 6 దిర్హాములు, మామూలు వేళల్లో 4. అర్ధరాత్రి 1 నుంచి 6 దాకా ఉచితం. దీని మీద అద్దె కంపెనీ తన రుసుము కలుపుతుంది, ఎంతో ముందే అడగండి. దుబాయ్‌లో స్పీడు బోర్డు మీద 20 కిలోమీటర్ల వెసులుబాటు ఉంటుంది. అబుదాబిలోకి అడుగుపెట్టగానే అది లేదు, బోర్డు మీద ఎంతుంటే అంతే. కెమెరా వదలదు.

పటమటలంక:
చాలా థాంక్స్ బాబూ. ఆ పర్మిట్ మన దగ్గర ఎక్కడిస్తారు?

బ్రాడీపేట 4/14:
ఆర్టీవో ఆఫీసులోనేనండీ. 4ఏ ఫారం, పాస్‌పోర్టు, వీసా, టికెట్టు కాపీలు, ఫీజు 1,000 రూపాయలు. ఏడాది పనిచేస్తుంది. ప్రయాణం దగ్గర పడేదాకా ఆగకండి.

తుళ్లూరు_రైతుబిడ్డ:
అంత దూరం డబ్బు పంపే బదులు మన అమరావతిలోనే స్థలం కొనుక్కోవచ్చు కదండీ? కళ్లెదుట ఉంటుంది, ఈసీ తీసి చూసుకోవచ్చు.

మిర్చియార్డు_గుంటూరు:
మీ మాట కొట్టిపారేయలేం. నెలనెలా అద్దె కావాలంటే ఫ్లాటు, పదేళ్లు ఆగగలిగితే స్థలం. అమ్మాయి అక్కడే స్థిరపడేటట్టయితేనే దుబాయ్ ఫ్లాటుకి అర్థం ఉంది. 20 లక్షల దిర్హాముల ఆస్తి ఉంటే పదేళ్ల గోల్డెన్ వీసా వస్తుందని ఆశ చూపిస్తారు. దాని కోసం అవసరానికి మించిన ఫ్లాటు కొనొద్దు.

గవర్నర్‌పేట_ఆడిటర్:
పన్ను సంగతి ఎవరూ రాయలేదు. ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన వెసులుబాటు) కింద ఒక మనిషి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. భార్యాభర్తలిద్దరూ పంపితే ఇద్దరి పేర్లూ టైటిల్ డీడ్ మీద ఉండాలి. ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, అదనంగా పట్టుకుంటుంది. అది పోయిన డబ్బు కాదు. మీ పాన్ మీద పట్టిన పన్నులు చూపే పట్టికలో కనబడుతుంది, రిటర్నులో సర్దుకోవచ్చు, మిగిలితే రిఫండు వస్తుంది. కానీ అప్పటిదాకా ఆ సొమ్ము మీ చేతిలో ఉండదు, వాయిదాలు ప్లాన్ చేసేటప్పుడు ఇది కలుపుకోండి.

అక్కడ అద్దె మీద పన్ను లేదని ఇక్కడ చూపించకుండా ఉంటే కుదరదు. ఇక్కడ నివాసం ఉన్నవాళ్లు ఆ అద్దెనూ చూపాలి, 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ వస్తుంది. ఐటీఆర్‌లో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపాలి. అది ఆర్థిక సంవత్సరం కాదు, డిసెంబరు 31తో ముగిసే క్యాలెండర్ సంవత్సరం లెక్క. చూపకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా దాకా ఉంది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఫ్లాటు కొన్న రెండో ఏడు వచ్చేవాళ్లే ఎక్కువ. దయచేసి డబ్బు పంపకముందు రండి.

పటమటలంక:
ఒక్క చివరి ప్రశ్న. మా ఇద్దరి తర్వాత అది అమ్మాయికి ఇబ్బంది లేకుండా చేరుతుందా?

కరామా_తెనాలి:
ఇక్కడి ఆస్తికి ఇక్కడే వీలునామా రిజిస్టరు చేయించండి అంకుల్. ముస్లిమేతరుల కోసం డీఐఎఫ్‌సీ (దుబాయ్ ఆర్థిక కేంద్రం) వాళ్ల వీలునామాల కేంద్రం 2015 నుంచి ఉంది. టైటిల్ డీడ్ చేతికి రాగానే, తిరుగు ప్రయాణానికి ముందే అపాయింట్‌మెంట్ పెట్టుకోండి.