14 అడుగుల అల్యూమినియం పడవ: చదును అడుగుదా, వి ఆకారపు అడుగుదా?

ముత్తుకూరు వాసి:
పెద్దలందరికీ నమస్కారం. కృష్ణపట్నం దగ్గర కండలేరు క్రీకులోనూ (సముద్రపు నీరు వచ్చిపోయే పాయ), దానితో కలిసే బకింగ్‌హాం కాలువలోనూ వలతో, గాలంతో వేటాడడానికి మా తమ్ముడూ నేనూ కలిసి ఒక చిన్న అల్యూమినియం పడవ కొనాలనుకుంటున్నాము. అప్పుడప్పుడు దానిని చిన్న ట్రక్కులో ఎక్కించుకుని, అనుమతి తీసుకుని, సోమశిల జలాశయానికి కూడా వెళ్లాలని ఉంది. రెండు పడవలు చూశాము. రెండూ 14 అడుగులవే, ధరలో పెద్ద తేడా లేదు. మొదటిది చదును అడుగుది, 1.6 మిల్లీమీటర్ల రేకును రివెట్లతో బిగించి చేశారు. ఇద్దరం పట్టుకుంటే లేస్తుంది. రెండవదాని అడుగు వి ఆకారంలో ఉంది, అణియం (పడవ ముందు కొన) ఎత్తుగా ఉంది. 3 మిల్లీమీటర్ల రేకుతో పూర్తిగా వెల్డింగ్ చేశారు. ఎత్తడానికి నలుగురు కావాలి. పడవ వెనుక బయట తగిలించే 9.9 హార్స్‌పవర్ రెండు స్ట్రోకుల అవుట్‌బోర్డ్ మోటారు మా దగ్గర ఇదివరకే ఉంది. తమ్ముడు మొదటిదే మేలంటున్నాడు, నాకు రెండవదాని మీద మనసుంది. మీ అభిప్రాయాలు కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కొత్తపట్నం తీరం:
తమ్ముడూ, వి అడుగు పడవ తీసుకోండి. నా కారణం వేగం కాదు, సుఖమూ కాదు. మన తీరంలో మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లోపలికి వీస్తుంది. అదే వేళకు పాటు (పోటు నీరు వెనక్కి తీయడం) మొదలైతే క్రీకు నీరు సముద్రం వైపు లాగుతుంది. గాలి ఒకవైపు, నీటి లాగుడు దానికి ఎదురువైపు ఉన్నప్పుడు అల పొడవు తగ్గి, ఎత్తు పెరిగి, గోడలాగా నిలువుగా లేస్తుంది. ముఖద్వారం దగ్గర ఇసుక మేటలున్న చోట ఇది ఇంకా ఎక్కువ. అటువంటి అల మీద చదును అడుగు పడవ ముందుభాగం పైకి లేచి పళ్లెం బోర్లించినట్టు పడుతుంది. పడిన ప్రతిసారీ రివెట్లు అదురుతాయి, మనిషి నడుమూ అదురుతుంది, ఎత్తు తక్కువైన అణియం మీదుగా నీరు లోపలికి వస్తుంది. వి అడుగు అదే అలను కోసుకుంటూ పోతుంది. పడవను ఎంచుకునేటప్పుడు తెల్లవారుజామున అద్దంలా ఉన్న నీటిని కాదు, తిరిగి వచ్చే వేళకు ఉండే నీటిని చూసి ఎంచుకోవాలి.

సోమశిల ఒడ్డు:
కొత్తపట్నం పెద్దలు చెప్పినది సముద్రానికి సరిపోతుంది. అడిగిన వారు సముద్రంలోకి వెళ్తామని ఎక్కడా అనలేదు. వల వేసేది, లాగేది పడవ నిలిచి ఉన్నప్పుడు. ఇద్దరు మనుషులు ఒకే పక్కకు వంగి బరువైన వల లాగుతున్నప్పుడు చదును అడుగు పడవ దాదాపు కదలదు, వి అడుగు పడవ వెంటనే ఆ పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన పడవలో మంచు పెట్టె జారుతుంది, తెడ్డు జారుతుంది, కాలు కూడా జారుతుంది. సోమశిలలో నీరు తగ్గిన నెలల్లో ఒడ్డు వెంట చాలా దూరం మోకాలిలోతు నీరే ఉంటుంది. మునిగిన మోడులు, రాళ్లు పైకి కనిపించవు. అక్కడ అడుగు ఎంత తక్కువ లోతుకు దిగితే అంత మంచిది. పైగా ఇద్దరు అన్నదమ్ములు ఎత్తలేని పడవను వాళ్లు ఎన్నిసార్లు ట్రక్కు ఎక్కిస్తారు? నెలకొకసారి నలుగురిని బతిమాలి పిలవవలసిన పడవ ఒడ్డునే ఉండిపోతుంది. మా వైపు చూస్తున్నది ఇదే.

కొత్తపట్నం తీరం:
నిలిచి ఉన్నప్పుడు చదును అడుగు స్థిరంగా ఉంటుందన్నది నిజమే, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ స్థిరత్వానికి ఒక హద్దు ఉంది. కొంతవరకు కదలకుండా ఉండి, పక్క అంచు నీటిలోకి దిగగానే హెచ్చరిక లేకుండా తిరగబడుతుంది. వి అడుగు పడవ మొదట్లోనే ఒరిగి మనల్ని భయపెడుతుంది గానీ, ఒరిగేకొద్దీ గట్టిపడుతుంది. వల రాయికి పట్టుకుని ఇద్దరూ ఒకే పక్క నిలబడి లాగుతున్నప్పుడు ముందే హెచ్చరించే పడవ కావాలా, చివరి క్షణం దాకా మౌనంగా ఉండే పడవ కావాలా? అంచు ఎత్తు కూడా లెక్కలోకి తీసుకోండి. ఇద్దరు మనుషులు, మోటారు, పెట్రోలు, మంచు పెట్టె, తడిసిన వల అన్నీ కలిపితే 250 కిలోలు సులభంగా దాటుతుంది. అంత బరువుతో రెండు పడవల అంచులూ నీటికి ఎంత పైన ఉంటాయో కొనేముందే కొలిచి చూడండి.

నెల్లూరు మెకానిక్:
ఇద్దరి వాదనల్లోనూ మోటారు మాట రాలేదు. ముత్తుకూరు సోదరుడు ముందుగా మోటారు తగిలించే వెనుక పలక ఎత్తు కొలవాలి. మోటారు తల నుంచి ప్రొపెల్లరు దాకా దిగే కాలే షాఫ్ట్. పొట్టి షాఫ్ట్ మోటారుకు 15 అంగుళాల పలక, పొడుగు షాఫ్ట్ మోటారుకు 20 అంగుళాల పలక ఉండాలి. చదును అడుగు చిన్న పడవల్లో చాలావాటికి 15 అంగుళాలే ఉంటుంది. అంచు ఎత్తుగా ఉండే వి అడుగు పడవలకు తరచుగా 20 ఉంటుంది. మీ మోటారు పొట్టి షాఫ్ట్‌ది అయితే, 20 అంగుళాల పలక మీద ప్రొపెల్లరు నీటి పైపొరలోనే తిరిగి గాలి పీల్చుకుంటుంది. ఇంజను అరుస్తుంది గానీ పడవ సాగదు, చల్లబరిచే నీరు కూడా సరిగా అందదు. పలకను కోసి దించుదామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. వెనుక నుంచి వచ్చే అలకు అది తలుపు తీసి పెట్టడమే.

లోతు విషయంలో కూడా ఒక మాట. మోటారు దించి ఉన్నంతసేపు నేలను ముందు తాకేది పడవ అడుగు కాదు, ప్రొపెల్లరు. రెండు పడవల్లోనూ అది అడుగుకన్నా ఒక జానెడు కిందికి ఉంటుంది. కాబట్టి మోటారు మీద నడుస్తున్నప్పుడు చదును అడుగుకు దక్కే లాభం నాలుగైదు అంగుళాలకు మించదు. మోటారు పైకెత్తి గెడతో నెట్టుకుంటూ పోయే వారికి మాత్రం ఆ లాభం పూర్తిగా అందుతుంది. బకింగ్‌హాం కాలువలో పూడిక పేరుకున్న చోట్ల గెడ తప్పదు గనుక, మీ వేటలో సగం గెడ మీదే సాగేట్టయితే తమ్ముడి మాటకు బలం ఉంది.

ఇక ఉప్పునీరు. ఫైబర్ పడవలకు అలవాటుపడిన మన వాళ్లు ఎక్కువగా తెలియక చెడగొట్టేది ఇక్కడే. అల్యూమినియానికి రాగి కలిసిన అడుగు రంగు వేయకూడదు. రాగి, అల్యూమినియం ఉప్పునీటిలో కలిస్తే దెబ్బతినేది అల్యూమినియమే. స్టీలు బోల్టు వేస్తే మధ్యలో నైలాన్ వాషరు ఉండాలి. బ్యాటరీ నెగటివ్ తీగను పడవ రేకుకు కలపకూడదు. పడవ లోపల తివాచీ, గోనె, తడి చెక్క ఎప్పుడూ రేకుకు ఆనించి వదలకూడదు. ఆ తడి కిందనే గుంటలు పడతాయి. తుప్పును తన మీదికి తీసుకునే ఆనోడు క్రీకు నీటికి అల్యూమినియందే మంచిది; జింకుది ఉప్పు తక్కువైన నీటిలో పొరకట్టి పనిచేయడం మానేస్తుంది. సోమశిల మంచినీటికని మెగ్నీషియంది వేసి క్రీకుకు తెస్తే చూస్తుండగానే కరిగిపోతుంది. రేకు ఏ మిశ్రమమో కూడా అమ్మేవారిని అడగండి: 5052, 5083, 5086 అని చెబితే ఉప్పునీటికి పనికొస్తుంది, సమాధానం రాకపోతే ఆ పడవ వదిలేయండి.

రివెట్లా, వెల్డింగా అంటే నా అనుభవంలో రెండింటికీ మరమ్మతు ఉంది. వదులైన రివెటును సుత్తి, దిమ్మ పట్టుకుని ఇద్దరు మనుషులు పల్లెలోనే బిగించవచ్చు. పగిలిన వెల్డుకు ఆర్గాన్ గ్యాసుతో అల్యూమినియం అతికే చేయి కావాలి. అది పట్నంలోనే దొరుకుతుంది, మామూలు గేటు వెల్డింగ్ వారి చేత చేయిస్తే రేకు కరిగిపోతుంది.

ముత్తుకూరు వాసి:
అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజు టేపు తీసుకుని వెళ్లి కొలిచాను. వి అడుగు పడవ వెనుక పలక 20 అంగుళాలు, చదును దానిది 15. మా మోటారు పొట్టి షాఫ్ట్‌దే. ముఖద్వారం దాటి వెళ్లే ఉద్దేశం మాకు లేదు. ఓడల దారికి దూరంగా, లోపలి పాయల్లోనే తిరుగుతాము. పోటుపాట్ల తేడా ఒక మీటరుకు అటూ ఇటూ మాత్రమే అయినా, పాటు వేళ ఆ పాయల్లో చాలా చోట్ల బురద బయటపడుతుంది, అక్కడ గెడే దిక్కు. ఇవన్నీ చూశాక తమ్ముడి వైపు మొగ్గుతున్నాను. చదును పడవ పాతది కనుక రివెట్లు ఎలా పరీక్షించాలో చెప్పగలరా?

నెల్లూరు మెకానిక్:
పడవను నాలుగు చోట్ల గట్టిగా ఆనించి, లోపల అడుగు రివెట్లు మునిగేంత నీరు మాత్రమే పోసి ఒక గంట వదలండి. అంతకన్నా ఎక్కువ పోయకండి, ఆ బరువుకే పడవ వంగవచ్చు. బయట నుంచి చెమర్చిన ప్రతి రివెటు చుట్టూ సున్నం గీత పెట్టండి. అవి అక్కడక్కడ విడివిడిగా ఉంటే బిగిస్తే సరిపోతుంది. ఒకే వరుసలో వరుసగా కారుతుంటే లోపలి పక్కటెముక (రేకుకు బలమిచ్చే అడ్డపట్టీ) విరిగి ఉండవచ్చు, అప్పుడు ధర మాట్లాడకుండా తిరిగి రండి. బల్లల కింద తేలడానికి పెట్టే నురగ ఉందో లేదో కూడా చూడండి. అమెరికాలో 20 అడుగుల లోపు అవుట్‌బోర్డ్ పడవలకు నీరు నిండినా తేలే ఏర్పాటు, ఎంత బరువు, ఎంత మోటారు అని చెప్పే పలక చట్టప్రకారం ఉండాలి. ఇక్కడ చేసిన పడవలో అది ఉందని అనుకోవద్దు, బల్ల విప్పి చూడండి. నురగ ఉన్నా నీరు పీల్చి బరువెక్కి ఉంటే మార్చాలి.

కొత్తపట్నం తీరం:
మీరు లోపలి పాయల్లోనే ఉంటానన్న మాట మీద నిలబడితే నేను అడ్డు చెప్పను, గెడ సంగతి నాకు తోచలేదు. కానీ అభిప్రాయం మార్చుకోలేదు. 20 అంగుళాల పలక చూసి పడవను వదులుకోవడంకన్నా, మోటారును మార్పిడి చేసుకుని పొడుగు షాఫ్ట్‌ది తెచ్చుకోవడం మంచిదని నా మాట. మోటారు మళ్లీ అమ్ముడుపోతుంది. చదును పడవే కొంటే మాత్రం రెండు పనులు తప్పకుండా చేయండి: గాలి లేవకముందే ఒడ్డు చేరండి, లైఫ్ జాకెట్ పడవలో పెట్టడం కాదు, ఒంటి మీద వేసుకోండి. ఒక వర్షాకాలం గడిచాక ఈ పడవ ఈశాన్య గాలికి ఎలా నిలిచిందో ఇక్కడే రాయండి, నేను చూస్తుంటాను.