నొప్పులు తగ్గేదాకా ఆగాలా, నొప్పులతోనే జిమ్‌కి వెళ్ళాలా?

నీలిగోరింట:
అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్ళు. షుగర్ బోర్డర్‌లో ఉంది, కండ పెంచుకోండి అని డాక్టర్ అంటే సోమవారం మా వీధిలో ఒక జిమ్‌లో చేరాను. మొదటి రోజే ట్రైనర్ చేతుల్లో డంబెల్స్ పెట్టి 100 బస్కీలు తీయించారు. ఆ సాయంత్రం ఏమీ అనిపించలేదు. మంగళవారం తొడలు పట్టేశాయి. ఇవాళ బుధవారం, కమోడ్ మీద కూర్చోవాలంటే గోడ పట్టుకుంటున్నా, మెట్లు దిగుతుంటే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ట్రైనరేమో "రేపు మళ్ళీ కాళ్ళే చేద్దాం, నొప్పి మీద నొప్పి పడితేనే కండ వస్తుంది" అంటున్నారు. అమ్మేమో నెల రోజులు అటు వెళ్ళొద్దంటోంది. ఎవరి మాట వినాలి? ఒకసారి మానేస్తే మళ్ళీ వెళ్ళనేమోనని టెన్షన్‌గా ఉంది.

తాలింఖానా_మనిషి:
అమ్మా, వెళ్ళండి. నాకు 61. విజయనగరంలో పెరిగాను, మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గారి కబుర్లు వింటూ దండీలు, బస్కీలు తీసినవాణ్ణి. కొత్త కుర్రాళ్ళు రెండో రోజు కుంటుతూ వచ్చేవారు. మా గురువు గారు ఇంటికి పంపేవారు కాదు. ముందు మట్టి తవ్వించి, ఒళ్ళు వేడెక్కాక మళ్ళీ బస్కీలు. పదిహేను రోజులకి నొప్పి అన్న మాటే ఉండేది కాదు. నొప్పని ఇంట్లో కూర్చున్నవాళ్ళు తిరిగి రాలేదు, కళ్ళారా చూశాను. కండలో చేరిన యాసిడ్ కదిలితేనే పోతుంది.

ఫిజియో_కాకినాడ:
పెద్దాయనా, మీ అనుభవాన్ని కాదనను గానీ యాసిడ్ మాట ఒప్పుకోలేను. లాక్టిక్ యాసిడ్ వ్యాయామం ఆపిన గంట, గంటన్నరలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. ఈవిడకి నొప్పి మొదలైందే మర్నాడు. ఇలా ఆలస్యంగా వచ్చే నొప్పి అలసట నొప్పి కాదని, కండ లోపలి చిన్న చిన్న చీలికల వల్ల వస్తుందని థియొడార్ హఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1902లోనే రాశారు.

తిరుమల నడకదారినే తీసుకోండి. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది, చెమటలు పడతాయి. కానీ బస్సులో దిగినవాళ్ళకంటే నడిచి దిగినవాళ్ళకే మర్నాడు తొడలు పట్టేస్తాయి. ఎక్కేటప్పుడు తొడ కండ బిగుస్తూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండ సాగుతూ ఒంటి బరువును ఆపాలి. అలా సాగుతూ ఆపడంలోనే ఎక్కువ దెబ్బ తింటుంది. బస్కీలో కిందికి కూర్చునే సగం అచ్చంగా ఇదే. ఈవిడ డంబెల్స్‌తో వందసార్లు దిగారు!

మీరన్న పదిహేను రోజుల సంగతి మాత్రం నిజం. దెబ్బ తిని తేరుకున్న కండకి అదే పని మళ్ళీ చేస్తే నొప్పి బాగా తక్కువ, ఆ రక్షణ కొన్ని వారాలు ఉంటుంది. దానికోసం మొదటి రోజే 100 తీయక్కర్లేదు, కొద్దిపాటి బస్కీలతోనూ కొంత వస్తుంది.

నీలిగోరింట గారూ, ఈ నొప్పి రెండో రోజు, మూడో రోజు బాగా ఎక్కువగా ఉండి తగ్గుముఖం పడుతుంది. రేపు జిమ్‌కి వెళ్ళండి, చేతులు, వీపు చేయండి. కాళ్ళకి నడక చాలు.

తాలింఖానా_మనిషి:
యాసిడ్ సంగతి మీరు చదువుకున్నవారు, సరే. మరి కదిలితే తేలికవుతుంది కదా? నొప్పి లేకుండా కండ వచ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి.

ఫిజియో_కాకినాడ:
కదిలినంతసేపూ హాయిగా ఉంటుంది, నిజమే. లోపల మానడం మాత్రం దానివల్ల తొందరగా జరగదు. ఇక కండ అంటారా, క్రమం తప్పకుండా చేసేవాళ్ళకి ఆరు నెలలయ్యాక పెద్దగా నొప్పి రాదు. బరువు కొద్దికొద్దిగా పెంచుతుంటారు, కండ పెరుగుతూనే ఉంటుంది. అదే ఏడాదికోసారి కొండ దిగిన భక్తుడికి వారం నొప్పి, కండ మాత్రం నిన్నటంతే. నొప్పిని చూసి కండను కొలవలేం.

మణికొండ_వదిన:
ముందు అడగాల్సింది ఎవరూ అడగలేదు. నీలిగోరింట గారూ, మూత్రం ఏ రంగులో వస్తోంది? మా మరిది 27 ఏళ్ళవాడు. ఒక జిమ్‌లో మొదటి వారమే ఇలాగే ఆపకుండా చేయించారు. మూడో రోజుకి తొడలు వాచాయి, మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. "కొత్తలో మామూలే, ఓర్చుకో" అన్నారు. ఆ మాట నమ్మి నొప్పి మాత్రలు వేసుకుని పడుకున్నాడు. ఆసుపత్రిలో సీకే పరీక్ష (కండ ఎంత దెబ్బతిందో చూసే రక్తపరీక్ష) చేసి రాబ్డోమయోలిసిస్ అన్నారు. చితికిన కండలోంచి వచ్చేది రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతుందట. ఐదు రోజులు సెలైన్ ఎక్కించారు. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు ఆ నొప్పి మాత్రలు కూడా కిడ్నీలకి భారమేనని అక్కడే తెలిసింది. అందరికీ ఇలా అవదు, తెలుసు. కానీ "ఓర్చుకో" అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రాత్రిషిఫ్ట్_రవ్వ:
అక్క చెప్పింది అందరూ చదవాలి. ఫిజియో గారూ, ఐస్ నీళ్ళు, స్ట్రెచింగ్ పనిచేస్తాయా?

ఫిజియో_కాకినాడ:
స్ట్రెచింగ్ ముందు చేసినా తర్వాత చేసినా ఈ నొప్పిలో తేడా నామమాత్రమే. మర్దన కొంత నయం. ఐస్ నీళ్ళు నొప్పి తగ్గిస్తాయి గానీ, బరువులు ఎత్తిన ప్రతిసారీ అందులో కూర్చుంటే కండ ఎదుగుదల మందగించవచ్చు. వదిన గారు చెప్పిన రంగు కనిపిస్తే మాత్రం ఏ చిట్కా వద్దు, ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి.

నీలిగోరింట:
రంగు మామూలుగానే ఉంది, వాపు లేదు. ఆ ప్రశ్న చదవగానే భయం వేసి వెళ్ళి చూసుకున్నాను. ట్రైనర్‌కి ఫోన్ చేసి రేపు చేతులే చేస్తానన్నాను. కాళ్ళు సోమవారం, డంబెల్స్ లేకుండా 10 బస్కీలతో మొదలు. ఆయనకి నచ్చలేదు. "అలా అయితే ఏడాది పడుతుంది" అన్నారు. పడనివ్వండి అన్నాను.

తాలింఖానా_మనిషి:
ఇందాకటి నుంచి ఆలోచిస్తున్నాను. మా గురువు గారు మొదటి రోజు ఎవరిచేతా వంద తీయించలేదు. పన్నెండో పదిహేనో, ఆపైన రోజుకు రెండు పెంచేవారు. నొప్పి గుర్తుంది గానీ ఆ లెక్క మర్చిపోయాను. అమ్మా, వదిన గారు చెప్పింది గుర్తుపెట్టుకోండి. రేపు మాత్రం చేతులకైనా సరే, వెళ్ళడం మానకండి.