గ్రంథాలయం లెక్కలు సభ్యులందరి ముందు చదవాలా, కమిటీ చూస్తే చాలా?

చెరువుగట్టు:
మన ఊరివాళ్లు చాలామంది ఇక్కడే ఉన్నారు కనుక ఇక్కడే అడుగుతున్నాను. 1987లో పెద్దలు పెట్టిన గ్రంథాలయ సంఘం ఇప్పుడు ఎలా ఉందో మొన్న సంక్రాంతికి వెళ్లి చూశాను. పాత వారపత్రికల గది పైకప్పు కారి, రెండు బీరువాల పుస్తకాలు ఉబ్బి అట్టలు ఊడిపోయాయి. బ్యాంకులో 9 లక్షల డిపాజిట్ ఉంది, మరమ్మతుకు మాత్రం డబ్బు లేదంటున్నారు. నాలుగేళ్లుగా సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదవలేదు. కమిటీ ఆమోదించింది అని ఒక్క ముక్క చెప్పి లేచిపోతున్నారు. జీవిత సభ్యుడిగా జమాఖర్చుల నకలు అడిగితే, మా మీద నమ్మకం లేదా అన్నారు. నేను అడిగింది కాగితం.

వేపచెట్టు:
ఆ గది కారుతున్న మాట నిజం. బకెట్లు పెట్టారు.

పాతలెడ్జరు:
కోశాధికారిని నేనే కనుక జవాబు నేనే చెప్పాలి. ఆ 9 లక్షలు ఖర్చుపెట్టే సొమ్ము కాదు, శాశ్వత నిధి. అందులో 5 లక్షలు ఒక దాత 2004లో ఇచ్చారు. అసలు ముట్టుకోకూడదని, వడ్డీ మాత్రమే వాడాలని ఉత్తరం రాసిచ్చారు. మిగతా 4 లక్షలు జీవిత సభ్యత్వాల సొమ్ము. దాన్నీ కదపకూడదని మన నియమావళే చెబుతోంది.

ఏడాదికి వడ్డీ 61 వేలు, చందాలు 70 వేలు. గ్రంథపాలకురాలికి నెలకు 6 వేల చొప్పున 72 వేలు, పత్రికలకు 21 వేలు, కరెంటుకు 14 వేలు, ఆడిటరుకు 8 వేలు పోతాయి. కొత్త పుస్తకాలకు, వార్షికోత్సవానికి కలిపి మిగిలేది 16 వేలు. పైకప్పుకు మేస్త్రీ చెప్పిన అంచనా 3 లక్షల 40 వేలు. ఎక్కడినుంచి తేవాలో మీరే చెప్పండి. ఏటా ఆడిటరు సంతకం అవుతూనే ఉంది.

నిజం_నిలకడ:
మిగిలే 16 వేలలో శాలువాలకు ఎంత? పోయిన వార్షికోత్సవంలో 12 మందికి కప్పారు. ఒక్కొక్కటి 800. అంటే 9,600. పుస్తకాలకు మిగిలింది 6,400.

పాతలెడ్జరు:
శాలువాలు ఒక సభ్యుడు విడిగా ఇచ్చిన డబ్బుతో కొన్నాం.

నిజం_నిలకడ:
అయితే ఆ డబ్బుకు రసీదు ఇచ్చారా? జమ చూపించారా? రసీదు నంబరు చెప్పండి.

తూర్పువాకిలి:
నేను సంఘాల లెక్కలు రాసే పనిలో పదకొండేళ్లుగా ఉన్నాను. శాలువాల గొడవ కాసేపు పక్కన పెట్టండి. ఆడిటరు సంతకం వేరు, సభ్యుల ఆమోదం వేరు. కాగితాల ప్రకారం అంకెలు సరిపోయాయా అన్నది ఆడిటరు చూస్తారు. ఆ ఖర్చు అవసరమా అని అడిగే హక్కు సభ్యులదే. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం జరగాలి, కార్యవర్గ జాబితాతో పాటు ఆడిట్ అయిన లెక్కలు రిజిస్ట్రారుకు దాఖలు కావాలి.

పాతలెడ్జరు:
మన సంఘం రిజిస్టరయింది 1987లో, 1860 చట్టం కింద. 2001 చట్టం మనకు ఎలా వర్తిస్తుంది?

తూర్పువాకిలి:
వర్తిస్తుందండీ. పాత చట్టం కింద రిజిస్టరయిన సంఘాలను కొత్త చట్టం కింద నమోదైనట్టే లెక్కిస్తారు. వివాదం ముదిరితే ఏ సభ్యుడైనా జిల్లా కోర్టుకు వెళ్లవచ్చని 23వ సెక్షన్ చెబుతోంది. అక్కడిదాకా వెళ్లకూడదనే నా తాపత్రయం. శాశ్వత నిధి విషయంలో మాత్రం కోశాధికారి గారి మాటే సరైనది. దాత లిఖితపూర్వకంగా కోరితే అసలును కాపాడాల్సిందే. కాకపోతే ఆ ఉత్తరం సభ్యులకు చూపించాలి. సభ్యత్వ రుసుములకు దాత షరతు లేదు. నియమావళిని సవరించుకుంటే ఆ 4 లక్షల సంగతి ఆలోచించవచ్చు.

దూరతీరం:
నేను మిషిగన్‌లో ఉంటాను. ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా ఆ గదిలోనే చదువుకున్నాను. పైకప్పు కోసం 5 లక్షలు పంపుతానని గత ఆగస్టులో చెప్పాను. ముందు మూడేళ్ల లెక్కలు చూపించండి అని ఒక్క మాట అడిగినందుకు నా డబ్బు వద్దన్నారు. మా నాన్నగారు ఇచ్చిన 600 పుస్తకాల మీద ఆయన పేరు కూడా లేకుండా అట్టలు మార్చేశారు. ఇక్కడే నా స్నేహితుడు ఏటా తన ఊరి బడికి పంపుతున్నాడు, అక్కడ ఎవరూ వద్దనలేదు. నా డబ్బుకు ఏం దోషం?

పాతలెడ్జరు:
బాబూ, నువ్వు లెక్కలు అడిగావని వద్దనలేదు. నువ్వు అమెరికా పౌరసత్వం తీసుకున్నావు. అందుకే వద్దన్నాను. ఆ మాట ఫోనులో రెండుసార్లు చెప్పాను.

దూరతీరం:
పౌరసత్వం మారితే పుట్టిన ఊరు మారుతుందా మాస్టారూ?

తూర్పువాకిలి:
ఊరు మారదు. చట్టం దృష్టిలో డబ్బు మారుతుంది. భారత పౌరుడిగానే ఉంటూ విదేశంలో సంపాదించిన వ్యక్తి తన పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. మీ స్నేహితుడు బహుశా ఆ కోవలోని వారే. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారి సొమ్ము మాత్రం, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉన్నా సరే, విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద సంఘానికి రిజిస్ట్రేషన్ ఉంటేనే తీసుకోవాలి. దానికి మూడేళ్ల అనుభవంతో పాటు, ఆ మూడేళ్లలో అసలు కార్యక్రమాల మీద 15 లక్షల ఖర్చు చూపించాలి. మన సంఘం ఖర్చు మూడేళ్లకు 4 లక్షలు కూడా దాటదు. ఇక మిగిలింది ఒక దాత నుంచి ఒక పనికి ముందస్తు అనుమతి అడగడం. అది దొరికినా సొమ్ము మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. మీ అన్నయ్య ఖాతాకు పంపి ఆయన చేత ఇప్పించాలని మాత్రం అనుకోకండి. జవాబు చెప్పుకోవాల్సింది సంఘమే.

నిజం_నిలకడ:
శాలువాల రసీదు నంబరు ఇంకా రాలేదు.

చెరువుగట్టు:
ఈ కారణం ఆగస్టులోనే అందరికీ ఒక కాగితం మీద రాసి ఉంటే దూరతీరం గారికి ఇన్నాళ్లు ఈ బాధ ఉండేది కాదు. ప్రతిదీ మీకు తెలుసు, మాకు తెలియదు. నలుగురు కలిసి గదిలో కూర్చుని తీర్మానించుకోవడం ఏమిటి?

పాతలెడ్జరు:
ఆ నలుగురిలో నేనొకడిని కనుక చెబుతున్నాను. కరోనా రోజుల్లో చందాలు ఆగిపోతే గ్రంథపాలకురాలి జీతం ఐదు నెలలు నా పింఛను నుంచి ఇచ్చాను. తిరిగి తీసుకోలేదు. సాయంత్రం నాలుగింటికి తాళం తీసేది మేము. చెదలమందు కొట్టించేది మేము. మీరు ఏడాదికి ఒకసారి కారు దిగి, బీరువాలకు ఫోటోలు తీసి, మమ్మల్ని బోనులో నిలబెడుతున్నారు. మా రెక్కల కష్టానికి మీ లెక్కల్లో పద్దు ఉందా?

చెరువుగట్టు:
మీ కష్టాన్ని నేను కాదనలేదు. కానీ కష్టపడినవారిదే గ్రంథాలయం అనుకుంటున్నారు మీరు.

పాతలెడ్జరు:
మరి ఎవరిది? దూరం నుంచి డబ్బు పంపేవారిదా?

పుస్తకాలపురుగు:
నేను ఆ ఊళ్లోనే ఉంటాను మాస్టారూ. కారు దిగి రాను, నడిచి వస్తాను. గ్రూప్స్ పరీక్షలకు చదివేది అక్కడే. 2022లో సభ్యత్వానికి దరఖాస్తు ఇచ్చాను. పరిశీలనలో ఉందన్నారు. ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది. నాతో పాటు ఇచ్చిన ఆరుగురు అమ్మాయిలదీ అంతే. 2015 తర్వాత కొత్త సభ్యులే లేరని గ్రంథపాలకురాలు చెప్పారు. సభ్యత్వ రిజిస్టరులో ఉన్న 64 మందిలో 23 మంది చనిపోయారు. లెక్కలు ఎవరి ముందు చదవాలి అని వాదిస్తున్నారు కదా, వినడానికి అసలు మనుషులేరి?

వేపచెట్టు:
ఈ అమ్మాయి అడిగింది అసలు ప్రశ్న.

పాతలెడ్జరు:
దాచడం ఎందుకు, చెబుతాను. 2014లో ఒకే రోజు 40 దరఖాస్తులు వచ్చాయి. అన్నీ ఒకే చేతిరాత. మెజారిటీ తెచ్చుకుని ఆ స్థలాన్ని పార్టీ కార్యాలయానికి రాయించుకోవాలని వాళ్ల ఎత్తు. బజారు పక్కన పది సెంట్ల స్థలం అది. పాత దరఖాస్తులు నాలుగు తీసుకుని, మరుసటి ఏడాది నుంచి తలుపు మూసేశాం. మూయకపోతే ఈ రోజు కారడానికి కప్పు కూడా ఉండేది కాదు. ఆ భయం మీకు తెలియదు.

పుస్తకాలపురుగు:
ఆ 40 మంది వేరు, మేము వేరు. ఓటు హక్కు రెండేళ్ల తర్వాత ఇవ్వండి, స్థలం అమ్మడానికి నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకోవాలని రాసుకోండి. సభ్యత్వం మాత్రం ఇవ్వండి.

తూర్పువాకిలి:
నియమావళి సవరించి ఈ రెండూ పెట్టుకోవచ్చు. నేను ముసాయిదా రాసి ఇస్తాను, డబ్బు అక్కర్లేదు.

దూరతీరం:
ముందస్తు అనుమతి దరఖాస్తుకు నా వైపు నుంచి కావాల్సిన కాగితాలు చెప్పండి. నాన్నగారి పుస్తకాల జాబితా ఉంటే అది కూడా.

పాతలెడ్జరు:
ఆదివారం సాయంత్రం ఐదింటికి పాస్‌పుస్తకం, వోచర్ల కట్ట, 2004 నాటి ఉత్తరం బల్ల మీద పెడతాను. ఎవరైనా రావచ్చు. శాలువాల రసీదు 118వది.

నిజం_నిలకడ:
118 చూస్తాను.

పుస్తకాలపురుగు:
సభ్యత్వ రిజిస్టరు కూడా ఉంటుందా మాస్టారూ?

పాతలెడ్జరు:
అది అధ్యక్షుల వారి ఇంట్లో ఉందమ్మా. వెళ్లి అడుగుతాను.