అప్‌డేట్: ఆ 98 శాతం లెక్క సంగతి తేలింది

మొన్న అడిగింది నేనే. తాము పుట్టిన జెండర్ తమది కాదనిపించే పిల్లలకిచ్చే చికిత్సల మీద బ్రిటన్‌లో 2024లో వచ్చిన క్యాస్ రివ్యూ అనే నివేదిక 98 శాతం పరిశోధనల్ని పక్కన పడేసిందని ఒక వాట్సాప్ ఫార్వర్డ్ తిరిగింది కదా, అది నిజమేనని కావలిలో మా పెద్దమ్మ కొడుకు, కాదని నేను. అసలు పేపర్లు చదవమన్నారు మీరు. చదివా, రెండు రాత్రులు పట్టింది.

ఆ రివ్యూ కోసం యార్క్ యూనివర్సిటీ వాళ్లు చూసినవి 103 స్టడీలు, ప్యూబర్టీ బ్లాకర్ల (యుక్తవయసు మార్పుల్ని ఆపి ఉంచే మందులు) మీద 50, హార్మోన్ల మీద 53. నాణ్యత బాగా ఉన్నవి రెండే, మిగతా 101నీ పడేశారనుకుంటే 98 శాతం, ఆ లెక్క పుట్టింది అక్కడే. కానీ ఓ మాదిరిగా ఉన్న 58ని కూడా లెక్కలోకి తీసుకున్నారు, అంటే మొత్తం 60. టీ కొట్టు దగ్గర బిల్లు వెనక రాసి చూపిస్తే అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, ఆధారం బలహీనమనేగా తేలింది" అన్నాడు. అదీ నిజమే, ఒప్పుకోక తప్పలేదు. అయితే ఆధారం బలహీనమంటే మందు పనిచేయదని రుజువైనట్టు కాదు కదా, క్షేమమని తేలినట్టూ కాదు, డాక్టర్లు కొట్టుకుంటున్నదీ సరిగ్గా ఇక్కడే.

ఇదే విషయం మీద అమెరికా ఆరోగ్యశాఖ 2025 మేలో ఇచ్చిన రిపోర్టు గురించి కూడా అడిగారు. ముందు రాసినవాళ్ల పేర్లే లేకుండా వదిలారు, పేర్లూ పీర్ రివ్యూలూ (బయటి నిపుణులు చదివి ఇచ్చే అభిప్రాయాలు) నవంబరులో బయటపెట్టారు. ముందు రావాల్సినవి వెనకొచ్చాయి, నాకైతే నచ్చలేదు.

ఫ్యామిలీ గ్రూపులో ఆ ఫార్వర్డ్ మాత్రం అన్నయ్య ఇంకా తీసేయలేదు.