పార్కిన్సన్స్: పాతవన్నీ గుర్తున్నాయి, కొత్త పని మాత్రం పట్టుబడటం లేదు. ఎందుకు?

ప్రశ్న (సాధన):
పెద్దాయనకు 68 ఏళ్లు. పార్కిన్సన్స్ బయటపడి ఏడేళ్లయింది. ఈమధ్య మోకా (జ్ఞాపకం, ధ్యాస, ఆలోచన చూసే చిన్న పరీక్ష)లో 30కి 23 వచ్చాయి. మనుషుల పేర్లు, నిన్నటి వార్తలు బాగానే చెబుతారు. వీడియో కాల్ చెయ్యడం మాత్రం పది రోజులుగా చూపిస్తున్నా రావడం లేదు. ఇవాళ చేస్తారు, రేపు మళ్లీ మొదటికొస్తుంది. ఒకసారి తప్పు బటన్ నొక్కితే ఇక ప్రతిసారీ అదే నొక్కుతారు. మతి తగ్గుతోందనుకోవాలా, నేర్పే తీరు మార్చాలా? మందులు: లెవోడోపా-కార్బిడోపా, ట్రైహెక్సిఫెనిడిల్, మూత్రం ఆపుకోలేకపోతున్నందుకు ఆక్సిబ్యుటినిన్.

నరాలబడి (న్యూరాలజీ):
రెండూ కావచ్చు. ముందు మీరన్న "అదే తప్పు మళ్లీ మళ్లీ" సంగతి. విషయాన్ని గుర్తుపెట్టుకోవడం ఒక దారి, చేస్తూ చేస్తూ అలవాటు చేసుకోవడం ఇంకో దారి. పార్కిన్సన్స్ ముందుగా దెబ్బకొట్టేది రెండోదాన్ని, అంటే మెదడు లోపలుండే స్ట్రయాటమ్ అనే భాగం నడిపే దాన్ని. 1996లో నోల్టన్, మాంగెల్స్, స్క్వైర్ ఒక ప్రయోగం చేశారు. కార్డులు చూసి వానా ఎండా అన్నది ఊహించాలి. సూత్రం ఎవరూ చెప్పరు, తప్పొప్పులు మాత్రం చెబుతారు. పార్కిన్సన్స్ ఉన్నవారికి ఆ ఊహ పట్టుబడలేదు, కానీ ప్రయోగంలో ఏం జరిగిందో చక్కగా చెప్పారు. మతిమరుపు జబ్బు ఉన్నవారు సరిగ్గా దీనికి తలకిందులు.

ఇంకో మెలిక లెవోడోపా మందుది. 2004లో మైకేల్ ఫ్రాంక్ బృందం చూసిందేమిటంటే, మందు పనిచేస్తున్నప్పుడు వీళ్లు ఒప్పు నుంచి బాగా నేర్చుకుంటారు, తప్పు నుంచి సరిగా నేర్చుకోలేరు. మందు లేనప్పుడు ఇది తిరగబడుతుంది. కాబట్టి "నాలుగుసార్లు తప్పుచేస్తే ఆయనకే తెలుస్తుంది" అన్న పద్ధతి ఇక్కడ పనిచేయదు.

ఒక చిన్న గమనింపు: మోకాలో ఐదు మాటలు తిరిగి చెప్పలేకపోయాక, చిన్న క్లూ ఇస్తే చెప్పగలిగారా? దానికి మార్కులుండవు గానీ అసలు సమాచారం అక్కడే ఉంది. క్లూతో వచ్చాయంటే విషయం లోపలికి చేరింది, బయటికి తీయడమే కష్టమవుతోంది. క్లూ ఇచ్చినా రాకపోతే వేరే కారణాలూ వెతకాలి.

చేతిపని (ఆక్యుపేషనల్ థెరపీ):
అయితే నేర్పే సంగతి నేను చెబుతాను. మందు వేసుకున్నాక శరీరం తేలికపడే వేళ చూసుకోండి, చాలామందికి 45 నిమిషాల నుంచి గంట. 15 నిమిషాలు దాటించొద్దు. కూర్చోబెట్టి, టీవీ ఆపి.

పనిని నాలుగు మెట్లకు కుదించండి: ఫోన్ తెరవడం, ఫొటో ఉన్న గుర్తు నొక్కడం, వీడియో బొమ్మ నొక్కడం, ముగిశాక ఎర్ర బొమ్మ. మొదటి స్క్రీన్ మీద ఆ ఒక్క మనిషి షార్ట్‌కట్ తప్ప ఏదీ ఉంచకండి. అట్ట మీద పెద్ద అక్షరాలతో, మెట్టుకో వరుస. నొక్కేముందు ఆ వరుస ఆయన పైకి చదవాలి, ఇది ముఖ్యం. అలవాటు దారి మూసుకుపోయింది కాబట్టి మాట దారిలో నడిపిస్తున్నాం. వేలు తప్పువైపు వెళ్తుంటే నొక్కకముందే చెయ్యి పట్టి ఆపండి. నొక్కేశారా, సరిదిద్దుతూ కూర్చోకుండా మొదటి మెట్టుకి. ఒకసారి చేశాక రెండు నిమిషాలకు, పది నిమిషాలకు, సాయంత్రం మళ్లీ.

వణుకు వల్ల ఒకే బటన్ రెండుసార్లు పడుతుంటే యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో తాకే సమయం పెంచండి. సగం "మరుపు" అక్కడే పోవచ్చు.

అందరూ చేసే పొరపాటు, వచ్చేసింది కదాని వారానికే అట్ట తీసేయడం. ఆ అట్ట అలాగే ఉండాలి. యాప్ అప్‌డేట్‌తో బటన్ చోటు మారితే అట్ట కూడా మార్చాలి.

మందుచీటీ (జెరియాట్రిక్స్, అంటే వృద్ధుల వైద్యం):
ఆ మందుల వరుస చూస్తే నాకు ఫోన్ కంటే అదే కంగారుగా ఉంది. ట్రైహెక్సిఫెనిడిల్, ఆక్సిబ్యుటినిన్ రెండూ ఎసిటైల్‌కొలీన్ అనే, నరాల మధ్య సందేశాలు మోసే రసాయనాన్ని అడ్డుకునేవే. ఈ జబ్బులో అది ముందే తగ్గి ఉంటుంది, జ్ఞాపకానికీ ధ్యాసకీ అదే ఆధారం. రెండూ తగ్గించే వీలుందేమో డాక్టర్‌ని అడగండి. మూత్రానికి మిరాబెగ్రాన్ లాంటి వేరే రకం ఉంది. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, ట్రైహెక్సిఫెనిడిల్ హఠాత్తుగా ఆపితే వణుకు, బిగుసుకుపోవడం పెరుగుతాయి.

ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. లేచి నిలబడ్డాక 1వ నిమిషంలో, 3వ నిమిషంలో మళ్లీ. పైది 20, లేదా కిందది 10 పడితే డాక్టర్‌కి చెప్పాలి, మెదడుకు రక్తం తగ్గినా మందకొడితనం వస్తుంది. బీ12, థైరాయిడ్, దిగులు, నిద్రలో గురక కూడా చూడాలి.

ఇక మోకా అంకె: 26 కంటే తక్కువంటే మతిలో స్వల్ప తగ్గుదల ఉందేమోనన్న అనుమానం, 21 కంటే తక్కువైతే డిమెన్షియా అనుమానం. అంకె ఒక్కటే నిర్ణయించదు, రోజువారీ పనులు చెడుతున్నాయా అన్నదే గీత. నిజంగా డిమెన్షియా అయితే ఎసిటైల్‌కొలీన్‌ను పెంచే రివాస్టిగ్మిన్ ఇస్తారు: 1.5 మి.గ్రా. రెండుపూటలా తిండితో మొదలు, పెంచాలంటే కనీసం నాలుగు వారాల ఎడం. వికారం, కొందరిలో వణుకు పెరుగుతాయి. పై రెండు మందులు ఉంచి దీన్నీ కలిపితే బ్రేకూ యాక్సిలరేటరూ ఒకేసారి తొక్కినట్టే.

సాధన:
క్లూ ఇస్తే ఐదింట్లో నాలుగు చెప్పారట. ఇంకోటి, ఆక్సిబ్యుటినిన్ ఆరు వారాల కిందటే మొదలైంది. మోకా చేసింది దాని తర్వాత.

మందుచీటీ:
అలాగైతే ఆ 23ని ఇంకా లెక్కలోకి తీసుకోవద్దు. ఆ మందు మార్చాక కొన్ని వారాలాగి, మోకా వేరే వెర్షన్‌తో, లెవోడోపా వేసుకున్నాక పోయినసారి ఎంతసేపటికి చేశారో అంతసేపటికే చేయించండి. ఈలోగా రెండు మూడు రోజుల్లోనే తికమక ముదిరితే దాన్ని పార్కిన్సన్స్ ఖాతాలో వేయకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం వరసగా చూడమనండి. భ్రమలు వస్తే హాలోపెరిడాల్, వాంతులకు మెటోక్లోప్రమైడ్ వద్దని చీటీ మీద ముందే రాయించి ఉంచండి.