వీధి నాటకంలో పెండ్లాన్ని కొట్టే సీను చూపించాల్నా, వద్దా?

హన్మకొండ_చౌరస్తా: నవంబర్ 25 నుంచి డిసెంబర్ 10 దాకా ఆడోళ్ల మీద హింసకు వ్యతిరేకంగా 16 రోజుల ప్రచారం. పరకాల దిక్కు పల్లెల్లో ఆడే నాటకంలో మొగడు తాగొచ్చి కొట్టే సీను తీసేయాలని కొందరు, తీసేస్తే జనం నిలవడరని కొందరు. మీరేమంటరు?

డప్పు_మోత: ఉండాల్సిందే. పొద్దుమూకినంక 7 గంటలకు, వంట పక్కకు పెట్టి వస్తరు. 3 నిమిషాల్లో పట్టుకోకుంటే లేచిపోతరు. పైగా దెబ్బ దాచిపెడితే అది ఇంటి ముచ్చటే అని మనమే ఒప్పుకున్నట్టు.

రుద్రమ_వాడ: నిలవడుతరు, నిజమే. కానీ తాగుబోతు తూలంగనే పిల్లలు నవ్వుతరు, ఆ నవ్వు చెంపదెబ్బ దాకా సాగుతది. కొట్టేటోడు, దెబ్బలు తినే ఆమె ఆ గుంపులనే ఉంటరు. అందుకే చెయ్యి లేవంగనే పాత్రలు కట్టెలెక్క ఆగాలె, డప్పు మీద ఒక్క దెబ్బ, 5 సెకన్లు చప్పుడు ఉండొద్దు. తర్వాత సీను పక్కింట్ల: ఆమె తలుపు కొడుతది, వాళ్లేం చేయాల్నో చూపించాలె. 1977ల లాస్ ఏంజిలిస్‌ల సుజాన్ లేసీ అనే కళాకారిణి మూడు వారాల పాటు, అత్యాచారం ఫిర్యాదు అందిన ప్రతి చోటా నగర పటం మీద ఎర్ర ముద్ర వేసింది. దెబ్బ బొమ్మ అక్కర పడలే. పక్కన ఇంకో పటం, సాయం దొరికే చోట్లతోని.

డప్పు_మోత: మన ఊర్లల్ల ఎర్ర ముద్ర పెడితే ఎవరిల్లో తెల్లారేసరికి తెలుస్తది!

రుద్రమ_వాడ: ముద్రలు వద్దే వద్దు. నేనడిగేది రెండో పటం.

కోర్టు_మెట్లు: ఆ రెండో పటం దగ్గరే నాటకాలు తప్పులు చెప్తున్నాయి. ‘స్టేషన్‌కు పోండి’ అని ముగిస్తే సగమే. 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు, హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రంలో 5 రోజుల దాకా తాత్కాలికంగా ఉండొచ్చు, 2005 గృహహింస చట్టం కింద రక్షణ అధికారి దగ్గర ఫిర్యాదు రాయించొచ్చు. ఆదాయం ఎంతున్నా మహిళకు ఉచిత న్యాయ సహాయం ఉంది. కానీ ‘60 రోజుల్లో న్యాయం’ అని మాత్రం పాడించకండి. ఆలోపు తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం అంటుంది, అంతే. కరపత్రం మొగుడి ముందు చేతికిస్తే ఇంటికి పోయాక అదే గొడవ. సంఘం మీటింగ్‌లో నోటితో చెప్పండి, బస్టాండ్‌లో ఆడోళ్ల మరుగుదొడ్డి తలుపు లోపలి దిక్కు నంబర్ రాయించండి.

డప్పు_మోత: ఒక్క డప్పు దెబ్బ సంగతికి ఒప్పుకుంట. చలికి తోలు మెత్తవడుతది, ఆటకు ముందు మంట మీద కాపాలె, లేకుంటే ఆ దెబ్బ తుస్సే. అయినా చెయ్యి లేచుడు మాత్రం కనవడాలె, అక్కడ తగ్గేది లేదు.