జావా సున్నా నుంచి నేర్చుకోవాలి, స్ప్రింగ్ బూట్ దాకా వచ్చాం కానీ సొంతంగా పది లైన్లు రాయలేకపోతున్నా

పల్నాటి_కుర్రాడు:

అందరికీ నమస్తే. నేను బీకామ్ కంప్యూటర్స్ చేశా, మాది పిడుగురాళ్ల దగ్గర పల్లెటూరు, నాన్నకి ఎరువుల కొట్టుంది. ఉద్యోగం కోసం జావా నేర్చుకుందామని ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఆన్‌లైన్ బ్యాచ్‌కి చేరా. కోర్ జావా కొద్దిరోజుల్లోనే చుట్టేసి జేడీబీసీ (జావా నుంచి డేటాబేస్‌తో మాట్లాడేది), సర్వ్‌లెట్స్ (వెబ్ రిక్వెస్టులకి జవాబిచ్చే జావా కోడ్) అని చెప్పి ఇప్పుడు స్ప్రింగ్ బూట్‌లోకి (వెబ్ అప్లికేషన్లు కట్టడానికి వాడే జావా ఫ్రేమ్‌వర్క్) వెళ్లిపోయారు. సార్ చెప్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటది, ఖాళీ ఫైల్ తెరిచి నా అంతట నేను రాద్దామంటే మాత్రం చెయ్యి ఆడట్లేదు. పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్ ఎందుకు రాస్తాం సార్ అని అడిగితే ప్రస్తుతానికి అలాగే రాసెయ్ అన్నారు.

మొన్న నాన్న కొట్టు లెక్కల కోసం చిన్న వడ్డీ ప్రోగ్రామ్ రాశా. అసలు ఎంతో అడుగుద్ది, తర్వాత రైతు పేరు అడుగుద్ది, నూటికి రెండు రూపాయల లెక్కన నెల వడ్డీ చెప్పాలి. రెండు సమస్యలు. ఒకటి, వడ్డీ ఎప్పుడూ 0 వస్తంది. వడ్డీ = 2 / 100 * అసలు అని రాశా, ఎర్రర్ ఏమీ లేదు. రెండోది, అసలు కొట్టి ఎంటర్ నొక్కగానే పేరు అడిగినట్టే అడిగి నన్ను టైప్ చెయ్యనివ్వకుండా దాటేస్తంది.

ఇవి ఎందుకో చెప్పండి, అలాగే మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాలంటే ఎలా వెళ్లాలో కూడా చెప్పండి. జావా 8 చదవాలా, 21 ఆ, 25 ఆ అనేది కూడా తేల్చుకోలేకపోతున్నా.

ఓరుగల్లు_డెవ్:

తమ్మీ, ముందుగాల నీ ప్రోగ్రామ్ సంగతి చూద్దాం. 2, 100 రెండూ ఇంట్‌లే, అంటే పాయింట్ లేని పూర్తి అంకెలు. జావాల ఇంట్‌ని ఇంట్‌తోని భాగిస్తే వచ్చేది గూడ ఇంటే, పాయింట్ తర్వాతది గుండ్రం చెయ్యదు, కోసి పారేస్తది. పైగా లెక్క ఎడమ నుంచి కుడికి నడుస్తది కాబట్టి ఫస్ట్ 2 / 100 అయితది, అది 0, దాన్ని ఐదువేలతోని గుణించినా 5 కోట్లతోని గుణించినా సున్ననే. అదే అసలు * 2 / 100 అని రాయి, 5000 కి 100 వస్తది. నీ కంప్యూటర్ల జేషెల్ అని ఒకటుంటది, జావా 9 నుంచి జేడీకే (జావా రాసి నడిపే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ) తోనే వస్తది, కమాండ్ ప్రాంప్ట్‌ల అది ఓపెన్ చేసి 5 / 2 కొట్టు, 5 / 2.0 కొట్టు, 2 / 100 కొట్టు, ఏం వస్తుందో కండ్లతోని చూడు. క్లాస్ రాసే పని లేదు, మెయిన్ రాసే పని లేదు.

ఇగ రెండోది. నువ్వు 5000 కొట్టి ఎంటర్ నొక్కినప్పుడు లోపలికి పోయింది 5000 ఒక్కటే కాదు, దాని ఎన్క ఎంటర్ గూడ ఒక క్యారెక్టర్ లెక్క పోయింది. కీబోర్డ్ నుంచి చదివే స్కానర్‌ల నెక్స్ట్‌ఇంట్ అంకెల వరకే తీస్కుంటది, ఎంటర్‌ని ఆడనే వదిలేస్తది. ఆ తర్వాత నెక్స్ట్‌లైన్ వచ్చి లైన్ ఎండ్ అయ్యేదాకా చదువుత అంటది, దానికి ఎదురుంగ ఆ మిగిలిపోయిన ఎంటరే కనబడుతది, లైన్ అయిపోయింది అనుకొని ఖాళీ స్ట్రింగ్ (అక్షరాల వరుస) ఇచ్చేస్తది. నిన్ను దాటేసినట్టు కనబడేది అందుకే. మధ్యల ఒక ఉత్త నెక్స్ట్‌లైన్ పిలిచినా అయితది, నా పద్ధతి ఐతే అన్నీ నెక్స్ట్‌లైన్‌తోనే తీస్కొని నంబర్ కావాల్సిన కాడ ఇంటీజర్ డాట్ పార్స్‌ఇంట్‌తోని మార్చుకుంట.

నువ్వు ఇసుంటివి గమనించి అడిగినవంటే జావా నీకు ఎక్కుతది. ఇంకొక మాట, కోడ్ రన్ చేసే ముందు ఔట్‌పుట్ ఏం వస్తదో పేపర్ మీద రాసుకో, తర్వాతనే రన్ నొక్కు. నువ్వు రాసుకున్నదానికీ వచ్చినదానికీ తేడా ఉన్న కాడ ఆగు, ఆ తేడా ఎందుకొచ్చిందో తేలేదాకా ముందుకు పోకు. మా టీమ్‌ల కొత్తగా చేరినోళ్లకు నేను మొదట చేయించేది ఇదే.

క్లాస్‌రూమ్_సార్:

బాబూ, మెయిన్ గురించి నువ్వు అడిగింది న్యాయమైన ప్రశ్న, జవాబు కూడా చిన్నదే. నీ ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టేది నువ్వు కాదు, జేవీఎం, అంటే జావా కోడ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్. అది నీ క్లాస్ బయట నుంచి వచ్చి మెయిన్‌ని పిలవాలి కాబట్టి పబ్లిక్. అప్పటికింకా ఏ ఆబ్జెక్టూ (క్లాస్ నుంచి తయారయ్యేది) పుట్టలేదు, ఆబ్జెక్టు లేకుండానే పిలవగలగాలి కాబట్టి స్టాటిక్. తిరిగి ఏమీ ఇవ్వదు కాబట్టి వాయిడ్. ఆబ్జెక్టు అంటే ఏంటో తెలిశాకే స్టాటిక్ అనేది నిజంగా అర్థమవుతుంది, అందుకే కొత్తవాళ్లు మొదటి లైన్‌లోనే ఇబ్బంది పడతారు. ఈ బాధ జావా వాళ్లకీ తెలిసింది, 2025 సెప్టెంబర్‌లో వచ్చిన జావా 25లో క్లాస్ పేరు గానీ పబ్లిక్ స్టాటిక్ గానీ లేకుండా ఉత్త వాయిడ్ మెయిన్ అని రాసి నడిపించొచ్చు.

వెర్షన్ గురించి ఎక్కువ ఆలోచించకు. 2018 నుంచి ఆరు నెలలకొకటి వస్తోంది, వాటిలో ఎక్కువకాలం సపోర్ట్ ఉండేవి 8, 11, 17, 21, 25. నువ్వు 21 గానీ 25 గానీ వేసుకో. ఇఫ్, లూప్, ఎర్రే, క్లాస్, ఇంటర్‌ఫేస్ ఇవన్నీ 8లో ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి, పాత కంపెనీల్లో 8 మీద నడిచే కోడ్ దొరికినా నువ్వు చదవగలవు. స్ప్రింగ్ బూట్ 3 కి మాత్రం కనీసం 17 ఉండాలి, 8 వేసుకుని కూర్చుంటే అది నడవదు.

కోర్సు కావాలంటే ఫిన్లాండ్‌లోని హెల్సింకి యూనివర్సిటీ వాళ్లది మూక్ (ఎవరైనా చేరగల ఆన్‌లైన్ కోర్సు) ఒకటుంది, పూర్తిగా ఉచితం, ప్రతి పాఠం కింద ప్రోగ్రాములు రాయించి అవి సరిగ్గా నడుస్తున్నాయో లేదో అదే చెక్ చేస్తుంది. ఇంగ్లీషు కూడా తేలిగ్గా ఉంటుంది. వీడియోలు చూడ్డం కన్నా నీలాంటివాళ్లకి అది నూరుపాళ్లు మేలు. అందులో మొదటి భాగం అయ్యేదాకా స్ప్రింగ్ బూట్ జోలికి పోకు, అక్కడ ఎట్ సింబల్ (@) పెట్టగానే అన్నీ వాటంతట అవే అవుతుంటాయి, వెనక ఏం జరుగుతోందో తెలియకపోతే ఒక్క ఎర్రర్ వచ్చినా పూర్తిగా ఆగిపోతావు.

రాత్రిషిఫ్ట్_అక్క:

తమ్ముడూ నేను బీఎస్సీ బోటనీ చేసి ఇటు వచ్చిన దాన్ని, ఇప్పుడు చేసేది బ్యాకెండ్ పనే. క్లాస్‌రూమ్ సార్ చెప్పిన కోర్సు చెయ్యి, పక్కనే నీ వడ్డీ ప్రోగ్రామ్‌ని వదలకుండా పెంచుకుంటూ పో, ఎందుకంటే ఎరువుల కొట్టు ఖాతా అంత మంచి ప్రాజెక్టు ఎవరూ ఇవ్వరు నీకు, దాంట్లో ఏది తప్పు వచ్చినా మీ నాన్నగారు చూడగానే చెప్పేస్తారు.

ఇప్పుడు ఒక రైతు ఒక బాకీ, అంటే రెండు వేరియబుల్స్. ఇరవై మంది రైతులు అనేసరికి ఇరవై వేరియబుల్స్ రాయలేవు, అప్పుడు ఎర్రే కావాలి, అంటే ఒకే పేరు కింద వరుసగా చాలా విలువలు. ఎర్రే సైజు ముందే చెప్పాలి, సీజన్ మధ్యలో కొత్త రైతు వస్తే చోటుండదు, అక్కడికొచ్చాక ఎర్రేలిస్ట్ (అవసరాన్ని బట్టి పెరిగే లిస్ట్) ఎందుకు పుట్టిందో ఎవరూ చెప్పక్కర్లేదు నీకు. పేర్లు ఒక లిస్ట్‌లో, బాకీలు ఇంకో లిస్ట్‌లో పెట్టి ఒక రైతుని తీసేసి చూడు, ఒక దాంట్లో తీసి రెండోదాంట్లో మర్చిపోతే ఒకరి బాకీ ఇంకొకరి పేరు మీదకి పోతుంది. అది చూశాక రైతు అనే క్లాస్ రాయి, పేరు, ఊరు, బాకీ అన్నీ ఒకచోట. ప్రోగ్రామ్ ఆపితే అంతా పోతోంది అనిపించినప్పుడు ఫైల్‌లో రాయి, ఫైల్‌లో ఒక్క రైతుది వెతికి మార్చడం కష్టమైనప్పుడు మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్, జేడీబీసీ. మీ సార్ చెప్పిన సిలబస్సే ఇదంతా, కాకపోతే ఒక్కొక్కటి నీకు అవసరం పడ్డాక వస్తుంది, ఇంక మర్చిపోవు.

డబ్బు లెక్క కాబట్టి ఒకటి ముందే చెప్తా, డబుల్ (పాయింట్ ఉన్న అంకెల టైపు) వాడకు. జేషెల్‌లో 0.1 + 0.2 కొట్టు, 0.30000000000000004 వస్తుంది, డబుల్ లోపల బైనరీలో దాచుకుంటుంది, 0.1 దాంట్లో కచ్చితంగా పట్టదు. పైసల్లోకి మార్చి లాంగ్‌లో (ఇంట్ కన్నా పెద్ద పూర్తి అంకెలు పట్టే టైపు) పెట్టుకో. ఇంట్ వద్దు, ఇంట్‌లో 2147483647 దాకే పడుతుంది, పైసల్లో అయితే 2 కోట్ల 14 లక్షల రూపాయలు దాటగానే అయిపోయినట్టే, అది కూడా ఎర్రర్ ఇవ్వకుండా సైలెంట్‌గా మైనస్‌లోకి వెళ్లిపోతుంది. వడ్డీ లెక్కలో భాగించే ముందు గుణిస్తావు కాబట్టి ఇంకా ముందే వస్తుంది ఆ పరిస్థితి.

చాట్‌జీపీటీని అడగొద్దు అనను. కోడ్ రాసిమ్మని మాత్రం అడక్కు. నీ కోడ్ ఇచ్చి ఈ లైన్ దగ్గర ఏం జరుగుతుంది అని అడుగు.

గోదారి_గట్టు:

పైన అన్నీ బాగా చెప్పారండీ, నాది ఒక్క మాట. మొదట్లో నోట్‌ప్యాడ్‌లో రాసి కమాండ్ ప్రాంప్ట్‌లో జావాసీ (జావా కంపైలర్) కొట్టి నడిపించండి. అప్పుడే డాట్ జావా ఫైల్ నుంచి డాట్ క్లాస్ ఫైల్ పుట్టడం, దాన్ని జేవీఎం నడపడం కనపడతాయండి. ఆ క్లాస్ ఫైల్‌లో ఉండేది బైట్‌కోడ్, అంటే జేవీఎం చదివే కోడ్, అందుకే విండోస్‌లో కంపైల్ చేసింది లినక్స్‌లో తీసుకెళ్లి పెట్టినా నడుస్తుంది, 1995లో జావా బయటికొచ్చినప్పుడు సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లు గొప్పగా చెప్పుకున్నది కూడా ఇదేనండి.

ఓరుగల్లు_డెవ్:

గోదారి గట్టు అన్నా, నోట్‌ప్యాడ్ ఒకట్రెండు రోజులకు మంచిదే, అంతకుమించి ఒద్దంట నేను. కొత్తోళ్లకు డీబగ్గర్ (కోడ్‌ని లైన్ లైన్‌గ ఆపి చూపేది) ముఖ్యం. ఇంటెల్లిజే అనే కోడ్ ఎడిటర్ వేసుకొని ఫర్ లూప్ మీద బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రామ్ ఆగే చోటు) పెట్టి ఎఫ్8 నొక్కుకుంట పోతే ప్రతి లైన్‌కు ఏ వేరియబుల్ ఎట్ల మారుతుందో పక్కనే కనబడుతది. ఎక్లిప్స్‌ల ఐతే ఎఫ్6. ఎర్రర్ వచ్చినప్పుడు గూడ ఎర్ర అక్షరాలు చూసి భయపడొద్దు, మొదటి లైన్ చదువు, దాని కింద నీ ఫైల్ పేరు ఫస్ట్ ఏడ కనబడుతదో ఆ లైన్ నంబర్ కాడికి పో. నల్ పాయింటర్ ఎక్సెప్షన్ (ఆబ్జెక్టు లేని, అంటే నల్ అయిన వేరియబుల్‌ని వాడితే వచ్చే ఎర్రర్) ఐతే జావా 15 నుంచి ఏ వేరియబుల్ నల్ అయిందో చెప్తది. అది చదవకుండనే కోడ్ అటూ ఇటూ మార్చేటోళ్లు మస్తు మంది ఉన్నరు.

పల్నాటి_కుర్రాడు:

అందరికీ చాలా థ్యాంక్స్. వడ్డీ కరెక్టుగా వస్తంది, పేరు కూడా అడుగుతంది. అక్క చెప్పినట్టు రైతు క్లాస్ రాశా, ఇప్పుడు పేరు కొట్టగానే బాకీ రావాలని హ్యాష్‌మ్యాప్ పెట్టా, కీ పేరు, వాల్యూ రైతు ఆబ్జెక్టు. మా ఊళ్లో వెంకటేశ్వర్లు అనే పేరు నలుగురికుంది. రెండో వెంకటేశ్వర్లుని వెయ్యగానే మొదటాయన కనపడట్లా. సరే ఫోన్ నంబర్ కీగా పెడదామని ఇంట్ రాస్తే నంబర్ చాలా పెద్దది అని కంపైల్ అవ్వకుండా ఆపేస్తంది.

రాత్రిషిఫ్ట్_అక్క:

హ్యాష్‌మ్యాప్‌లో ఒక కీకి ఒక్కటే వాల్యూ తమ్ముడూ. అదే కీతో మళ్లీ పుట్ చేస్తే పాతది తీసేసి కొత్తది పెడుతుంది, గొడవ చెయ్యదు. కానీ తీసేసిన పాతదాన్ని పుట్ నీకు తిరిగిస్తుంది, దాన్ని పట్టుకుని నల్ కాకపోతే ఈ కీ ముందే ఉంది అని మెసేజ్ వేసుకోవచ్చు, లేదంటే పుట్‌ఇఫ్‌ఆబ్సెంట్ వాడు, అది ముందున్నదాన్ని కదపదు.

ఫోన్ నంబర్ ఆలోచన సరైందే, టైపే మార్చాలి. 9తో మొదలయ్యే పదంకెల నంబర్ ఇంట్‌లో పట్టదు, పైన చెప్పిన 2147483647 హద్దే అది. లాంగ్‌లో పడుతుంది గానీ స్ట్రింగ్ పెట్టు, ఫోన్ నంబర్లని కూడం, గుణించం, పైగా ఎవరైనా ముందు సున్నా పెట్టి ఇస్తే లాంగ్‌లో ఆ సున్నా పోతుంది. వేసే ముందు ట్రిమ్ చెయ్యి, నంబర్ చివర ఒక్క స్పేస్ పడినా అది వేరే కీ అయిపోతుంది. రెండు నంబర్లు ఒకటేనా అని నువ్వే చూడాల్సి వస్తే రెండు ఈక్వల్ గుర్తులతో పోల్చకు, ఈక్వల్స్ మెథడ్ వాడు, ఎందుకంటే == చూసేది రెండూ మెమరీలో ఒకే ఆబ్జెక్టా అని, లోపల ఉన్న అంకెలు ఒకటేనా అని కాదు, కీబోర్డ్ నుంచి చదివిన స్ట్రింగ్ ఎప్పటికప్పుడు కొత్త ఆబ్జెక్టు. ఇంట్లో ఇద్దరికీ ఒకటే ఫోన్ ఉంటే మాత్రం ఇది కూడా చాలదు, అప్పుడు మీ నాన్నగారి ఖాతా పుస్తకంలో పేజీ నంబర్ ఉంటుందిగా, దాన్నే కీ చేసుకో.